టోపీ మీద పేరు

మా చెల్లికి నలభై ఆరేళ్ళకు మొదటి కొడుకు పుట్టాడు. నేను టైలర్ని. వాడి టోపీ మీద పేరు కుడదామని ఆసుపత్రి గదిలో సూదీ దారం పట్టుకుని కూర్చుంటే, పేరేమిటో ఎవరూ చెప్పరే!

చివరికి మా మరిది, చెల్లి మొగుడు, నోరు విప్పాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఏదీ ఒక్క ముక్కలో చెప్పడు.

"ఇస్సాకు, వదినా. హీబ్రూలో యిత్సాక్, అరబ్బీలో ఇస్‌హాక్, ఇంగ్లీషులో ఐజాక్. మూలం మాత్రం ఒకటే, 'నవ్వుతాడు' అని. బైబిల్లో, ముసలితనంలో బిడ్డ పుడతాడంటే శారా నవ్వింది కదా, అందుకే ఆ బిడ్డకి ఆ పేరు."

మా ఇంట్లో నవ్వింది నేను. కడుపుతో ఉన్నానని చెల్లి చెప్పిన రోజు, కుట్టుమిషను మీద తల వాల్చి పగలబడి నవ్వాను. ఆ సిగ్గు తొమ్మిది నెలలూ నన్ను తినేసింది.

"నన్ను దెప్పడానికేగా ఈ పేరు?" అని చెల్లి మీద విరుచుకుపడ్డాను. "మొహాన అనేస్తే పోయేదిగా! దానికి బైబిలంతా వెతకాలా?"

చెల్లి పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టింది.

"పిచ్చి అక్కా! ఆ రోజు, ఈ వయసులో కాన్పు ప్రమాదమని డాక్టరమ్మ భయపెట్టింది. ఈయన ఉలుకూ పలుకూ లేకుండా కూలబడ్డారు. ఏడుస్తూ నీ దగ్గరికొస్తే నువ్వు నవ్వావు. నిన్ను చూసి నాకూ నవ్వొచ్చింది. వీణ్ణి కనాలని అప్పుడే కదా అనుకున్నాను."

మూడక్షరాల పేరు. కుడదామంటే కళ్ళు కనపడితేనా!