షెడ్డులో గడ్డి మిషను

బావ పోయి రెండేళ్లు దాటింది. శ్మశానంలో గడ్డి కొయ్యడం ఆయన పని. తన పెట్రోలు మిషన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఆయన పోయాక అక్క షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. చివరికి మనసు దిటవు చేసుకుని, మెకానిక్కైన తమ్ముణ్ణి పిలిచి, మిషను పట్టుకుపొమ్మంది.

తమ్ముడు పెదవి విరిచాడు. ఇన్నాళ్లు నిలవున్న పెట్రోలు చెడిపోయి, కార్బురేటర్లో జిగురులా పట్టేసుంటుందన్నాడు. పెట్రోలు పాడవకుండా స్టెబిలైజరని ఏదో మందుందట కదా, అదిప్పుడు పోస్తే సరి అవదా అని అక్క అడిగింది.

"తాజా పెట్రోల్లో కలిపి, కాసేపు ఇంజను నడిపి దాచాలక్కా. అప్పుడు కొన్నాళ్లు కాపాడుతుంది. చచ్చినదాన్ని మాత్రం బతికించదు."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. అక్క గొలుసు నుంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

తాళం తుప్పు పట్టి చాలాసేపు మొరాయించింది. తీరా ట్యాంకు మూత తిప్పగానే ఘాటుగా తాజా పెట్రోలు వాసన. సీసాలోకి వంచితే నీళ్లలా తేటగా ఉంది. కార్బురేటరు కడిగిన ముత్యంలా ఉంది. తాడు లాగితే మొదటి లాగుకే ఇంజను అందుకుంది. అతను గభాలున ఆపేశాడు. కింద బ్లేడుకి పచ్చగడ్డి అంటుకునుంది, ఇంకా తడిగా. ఆ ఇంటి పెరడంతా సిమెంటే.

ఎవరికైనా ఇచ్చావా అని అడిగాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

ఆ మిషను గడ్డి కోసింది ఒక్క శ్మశానంలోనే. ఇద్దరూ అటు నడిచారు. గేటు దగ్గర కాపలాదారు కొత్తవాడు, బావని ఎరగడు. మునుపు గడ్డి కోసినాయన భార్యనని అక్క చెబితే, అయితే ఇప్పుడొచ్చేది మీ మనిషేనా అన్నాడు.

"నోరు విప్పడు గానీ పనిమంతుడమ్మా. ఆ మూల ఒక్కటీ కొయ్యడు. ఎంత చెప్పినా వినడు."

సమాధుల మధ్య గడ్డి తివాచీ పరిచినట్టుంది. ఆ మూల మాత్రం మోకాలెత్తు పెరిగి, రాతి మీద బావ పేరు కనబడకుండా కమ్మేసింది. పూడ్చిననాటి నుంచీ అక్కకి అక్కడికి రావడానికి మనసొప్పలేదు.

తమ్ముడు దూరంగానే ఆగిపోయాడు. అక్క వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, చేతుల్తో గడ్డి పీకడం మొదలెట్టింది.

"ఊరందరి పనీ చేస్తాడు, తన పని తనకి పట్టదు" అని గొణిగింది.

కాసేపటికి తమ్ముడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. పేరు బయటపడేదాకా ఇద్దరూ పీకారు.

మిషన్ని అతను తీసుకెళ్లలేదు. ఇప్పటికీ ఆ మూల అక్కే వెళ్లి శుభ్రం చేస్తుంది. గడ్డి కోసే రోజు మాత్రం వెళ్లదు.