వెదుర్ల బండి తోక

వెదుర్ల బండి మలుపు తిరిగేటప్పుడు ఎడ్లు ఎడమకు పోతే, వెనక పొడుగ్గా సాగిన వెదుర్ల కొసలు కుడివైపు రోడ్డంతా ఊడుస్తాయి. అందుకే అర్ధవీడు అడవి నుంచి మార్కాపురం కలప అడితికి గురవయ్య బండి తోలుతుంటే, పెండ్లాం బయ్యమ్మ వెనక నడిచేది. మలుపు రాగానే ఒక చేత్తో కొసలు పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి చూస్తే వెనక బస్సయినా ఆగేది.

మిషను బడులు తనిఖీ చేసే సామ్యేలుకు దొరలు మోటారు సైకిలు ఇచ్చాక అతనూ ఆగేవాడు.

"ఏందక్కా, తోక పట్టుకొని వైతరణి దాటుతుండావా?"

"నువ్వు పటపటమని నెత్తిమీదికొస్తుంటే దాటక ఏం జేసేది నాయనా!"

ఎండాకాలంలో ఒకరోజు బయ్యమ్మ మడమ పగిలి నెత్తురు కారింది. గురవయ్య చూసి బండి ఆపాడు.

"ఎక్కవే."

"అడితి మలుపు దగ్గరికొచ్చె గదయ్యా."

"ఈ ఎండలో రోడ్డు మీద ఎవడుండాడే? నీ తోకనెవడూ ఎత్తకపోడులే, ఎక్కు."

ఇన్నేళ్ళలో మొగుడు ఎక్కమన్నది అదే మొదలు. బయ్యమ్మ నవ్వుకుంటూ ఎక్కింది. వెదుర్ల మీద గాలి హాయిగా తగిలింది. వెనక పటపట వినపడింది. మొగుడికి చెబుదామనుకుంది. బస్సయితే చెప్పేదే. సన్నబండి గదా, సందున పోతుందిలే అని ఊరుకుంది. అప్పటికే ఎడ్లు అలవాటుగా అడితి దారికి తిరిగాయి.

వెదుర్లు ఒక్కసారి అదిరాయి. ఆ వెంటనే పటపట ఆగిపోయింది.

వెదుర్లు రోడ్డు పక్కన తోసేసి, అదే బండిలో సామ్యేలును ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. ఎడమకన్ను సంగతి కట్టు విప్పితే గాని తెలియదన్నారు. విప్పారని తెలిసిన రోజు బయ్యమ్మ తేనెసీసా తీసుకుని ఆసుపత్రికి పోయింది. అతనికి ఆ కంటి చూపు పోయింది.

"తిట్టు నాయనా. నీ బండి సద్దు విని గూడ పలక్కపోతిని."

సామ్యేలు తిట్టలేదు.

"నీ చెయ్యి కోసమే చూసినానక్కా. బండెనక నువ్వు లేవు. అట్లయితే మలుపు తిరగరు, నేరుగా పోతారనుకొని పక్కనించి పోనిచ్చినా."

బయ్యమ్మ తేనెసీసా మంచం కింద పెట్టి వచ్చేసింది.

తర్వాత గురవయ్య వెదుర్ల కొసకు ఎర్రగుడ్డ కట్టి, "ఇంక నువ్వెక్కవే" అన్నాడు. ఆమె ఎక్కలేదు.

సామ్యేలు ఇప్పుడు బస్సులో తిరుగుతున్నాడు. మలుపు దగ్గర బస్సు ఆగి, బండి తిరిగాక పక్కనుంచి కదిలిపోతుంది. కిటికీలో అతను కనపడతాడు. బయ్యమ్మ ఎత్తిన చెయ్యి దించకుండా అట్లాగే నిలబడుతుంది. ఆమె నిలబడేది అతనికి చూపులేని వైపు.