బీట్‌రూట్ సాక్ష్యం

సువార్తరాజు గారు ఆరోగ్యంగా ఉన్నారన్న సంగతి తెలియని తెలుగువాడు హామిల్టన్‌లో లేడు. తెలియకుండా ఆయన ఉండనివ్వరు. ఊరి నడిమధ్య కొండకు మెట్లున్నాయి కదా అని పొద్దున్నే ఎక్కి దిగి, మంచు పడుతున్నా సరే, చెమట మొహంతో ఫోటో తీసుకుని సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాని కింద వచ్చే దండాలు లెక్కపెట్టుకుంటూ పెద్ద గ్లాసుడు బీట్‌రూట్ రసం తాగుతారు. ఆ గ్లాసు కడగడం మాత్రం ఆయన భార్య జ్ఞానవతి వంతు.

ముప్ఫై ఏళ్ల కాపురంలో జ్ఞానవతికి మొగుడి మీద ప్రేమ తగ్గలేదు గానీ, మొగుడి మాటల మీద గౌరవం ఎప్పుడో పోయింది. ఈ ఆరోగ్య ప్రవక్త ఇరవై రెండేళ్లు రోజుకో పెట్టె సిగరెట్లు తగలేసిన మనిషి. మానేసి ఆరేళ్లయింది. మానినందుకు ఆమె సంతోషించింది, ఒట్టు. కానీ మానిన మర్నాటి నుంచీ లోకంలో తాగేవాళ్లందరూ ఆయన కంటికి పాపులైపోయారు. పోయినేడు బీపీ మాత్రలు కూడా చెత్తబుట్టలో పడేశారు. మెట్లెక్కేవాడికి మాత్రలెందుకట!

ఆమె ఆసుపత్రి వార్డులో పని చేస్తుంది. మంచం దిగలేని రోగులకు ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, మూత్రం సంచులు ఖాళీ చేయడం. మెట్లెక్కినవాళ్లనూ చూసింది, ఎక్కనివాళ్లనూ చూసింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "నీకేం తెలుసే, నువ్వు డాక్టరువా?" అనేవారు ఆయన.

రెండేళ్ల కిందటిదాకా వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘంలో పాతిక కుటుంబాలుండేవి. ఇప్పుడు కాలేజీ పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. అద్దె హాల్లో కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడుతున్నారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడుగురు ఉండి, పగలు క్లాసులు, రాత్రుళ్లు గోడౌన్లలో పనులు చేసుకుంటూ, ఆదివారం పూట ఇంటి అన్నం కోసం, నాలుగు తెలుగు మాటల కోసం వచ్చే పిల్లలు. వాళ్లు వచ్చాక సువార్తరాజు గారికి రెక్కలొచ్చాయి. ఆరాధన అయ్యాక, భోజనాలకు ముందు, 'ఆరోగ్య సాక్ష్యం' అని పది నిమిషాలు పుచ్చుకున్నారు. పది ఎప్పుడూ అరగంటయ్యేది. వెనక బిర్యానీ గిన్నెల మూతలు తీసి ఉండగా, ఆకలితో ఉన్న రెండొందల మందికి ఆయన ఉపవాసం గురించి చెప్పేవారు.

"పొగాకు, బీపీ, పొట్ట. కిడ్నీ కేన్సరుకి ఈ మూడూ దారులు. నేను మూడూ మూసేశాను. నా దగ్గరికి ఇంక రాదు," అని రొమ్ము తట్టుకునేవారు.

మొదటి మాట నిజమే. చివరి మాటకే జ్ఞానవతికి ఒళ్లు మండేది. తలుపేసుకుంటే దొంగ భయం తగ్గుతుంది గానీ, దొంగ రాడని ఎవడు రాసిచ్చాడు? పైగా బీపీ తలుపు ఈయన మూసిందెక్కడ, మాత్రలు పారేసి బార్లా తెరిచిపెట్టాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆయన టోనీ అనే కుర్రాణ్ణి నిలబెట్టారు. తెనాలి వాడు, ఇరవై రెండేళ్లు, రాత్రంతా పెట్టెలు మోసి నిద్రలేని కళ్లతో తిన్నగా వచ్చాడు. వాడి జేబులోంచి సిగరెట్ పెట్టె కనబడింది.

"తియ్యి. అందరికీ చూపించు. ఇదేనా మీ అమ్మానాన్న నిన్ను ఇక్కడికి పంపింది?" అన్నారు.

"సారీ అంకుల్," అన్నాడు టోనీ. రెండొందల మంది ముందు పెట్టె పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు వాడు అన్నం తినకుండా వెళ్లిపోయాడు. జ్ఞానవతికి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఆ వారంలోనే ఆమె బాత్రూమ్ కడగబోయి చూసింది. ఆయన నీళ్లు సరిగ్గా వదల్లేదు. గిన్నెలో ఎర్రగా ఉంది.

"ఏవండీ, ఇదేంటి?"

"బీట్‌రూట్టే. రసం తాగితే అలాగే వస్తుంది. గూగుల్ చేసుకో."

ఆ మాట అబద్ధం కాదు. కొంతమందికి వస్తుంది. కానీ బీట్‌రూట్ ఎరుపేదో నెత్తుటి ఎరుపేదో పదకొండేళ్లుగా సంచులు మారుస్తున్న మనిషికి తెలియదా? బీట్‌రూట్‌లు కొనడం మానేసి నాలుగు రోజులు రసం బందు చేసింది. ఐదో రోజు తెల్లవారుజామున ఆయన వెనకే వెళ్లి చూసింది. అదే ఎరుపు.

"డాక్టరు దగ్గరికి పోదాం పదండి."

"ఒంట్లో చెడంతా బయటికి పోతుందే. నొప్పుందా నాకు? జ్వరముందా? పొద్దున్న మెట్లెక్కలేదా?"

"నొప్పి లేకుండా నెత్తురు పోతేనే భయపడాలండీ."

"నోర్ముయ్! ఇది బయటికి పొక్కిందంటే ఆదివారం నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అదీ అసలు జబ్బు. కిడ్నీ సంగతి తర్వాత. ఇంతమందికి సాక్ష్యం చెప్పిన మనిషి డాక్టరు గుమ్మం తొక్కితే నవ్వుతారట. చావనైనా చస్తాడు గానీ నవ్వులపాలు కాడు. ఏడ్చింది, బతిమాలింది, అన్నం మానేసింది. ఆమె అన్నం మానేస్తే ఆయన దాన్ని ఉపవాసమనుకుని మెచ్చుకున్నారు.

వాళ్ల సంఘంలో ఒక పద్ధతుంది. ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి గుమ్మం దగ్గర పెట్టెలో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. సంఘ పెద్ద వాటిని పైకి చదివి, ఒక్కొక్కదానికీ ప్రార్థన చేస్తారు. పిల్లల చీటీలన్నీ వర్క్ పర్మిట్లూ, ఇక్కడే స్థిరపడిపోయే పీఆర్‌లే. చదివేది సువార్తరాజు గారే. గొంతు పెంచి, సాగదీసి, ఎవరి రహస్యమైనా మైకులో చదవడమంటే ఆయనకు మహా ఇష్టం.

మే నెల మొదటి ఆదివారం జ్ఞానవతి ఎడమ చేత్తో ఒక చీటీ రాసి పెట్టెలో వేసింది.

నాలుగో చీటీగా అది ఆయన చేతికి వచ్చింది. "మన సంఘంలో ఒక సహోదరుడికి వారాల తరబడి మూత్రంలో నెత్తురు పోతోంది," అని ఖంగుమంటూ మొదలెట్టారు. "భార్య ఎంత చెప్పినా డాక్టరు దగ్గరికి వెళ్లడం లేదు. అది... బీట్..."

అక్కడ ఆగిపోయారు. ముందు వరసలో కూర్చున్న పెళ్లాం కళ్లలోకి చూశారు. ఆమె తల దించుకోలేదు.

"చదవండి బ్రదర్," అన్నారు పాస్టరు గారు.

"బీట్‌రూట్ రసం వల్ల అంటున్నాడు. వెళితే పరువు పోతుందని భయపడుతున్నాడు. దేవుడు అతని గర్వం అణచి డాక్టరు దగ్గరికి నడిపించేలా ప్రార్థించండి."

ఆ మాటలు ఆయన గొంతులోంచి వడగట్టినట్టు వచ్చాయి. వెనక గోడ దగ్గర టోనీ లేచాడు. వాడు ఆ వారం మళ్లీ ఎందుకొచ్చాడో, ఆకలి తెచ్చి ఉంటుంది.

"అంకుల్, ఆయనెవరో చెప్పండి. మా మావయ్యకి కూడా ఇలాగే అయితే లేట్ చేశాడు, మాకు దక్కలేదు. నేను కార్‌లో తీసుకెళ్తా. లీవ్ పెడతా."

"అవునంకుల్, చెప్పండి," అని నాలుగు గొంతులు కలిశాయి.

చెప్పలేదు. కానీ ప్రార్థన చేయక తప్పలేదు. రెండొందల మంది కళ్లు మూసుకోగా, సువార్తరాజు గారు మైకు పట్టుకుని, ఆ గర్విష్ఠి సహోదరుణ్ణి డాక్టరు దగ్గరికి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా జ్ఞానవతి అంది.

కారులో ఆయన తిట్టని తిట్టు లేదు. అయినా సోమవారం పొద్దున చెప్పులేసుకుని, "పద," అన్నారు.

ఫ్యామిలీ డాక్టరు అన్నీ అడిగాడు. సిగరెట్లు ఎన్నేళ్లు, మాత్రలు ఎప్పుడు ఆపారు. బీపీ చూసి పెదవి విరిచాడు. నడక మంచిదే, సిగరెట్ మానడం మరీ మంచిది, వాటితో ముప్పు తగ్గుతుంది గానీ సున్నా కాదు అన్నాడు. జ్ఞానవతి అదే మాట ఏడాదిగా చెబుతోంది. తెల్లకోటు వేసుకుని చెప్పలేదు, అంతే తేడా.

"మొదట రక్తం ఎప్పుడు చూశారు?"

సువార్తరాజు గారు నేల చూశారు. "క్రిస్మస్ తర్వాత వారం," అన్నారు మెల్లిగా.

జ్ఞానవతి వేళ్ల మీద లెక్కేసింది. ఇంట్లోకి బీట్‌రూట్‌లు వచ్చింది సంక్రాంతి దాటాక. అంతకుముందు ఆయన బీట్‌రూట్ పేరెత్తితేనే మొహం చిట్లించేవారు. ఎరుపు కనబడ్డాకే, అడిగితే చెప్పడానికి ఓ సాకు ఉండాలని, ఈయన ఆ రసం మొదలెట్టారన్నమాట. నాలుగు నెలలు! అంత తెలివి ఒక్క ఫోన్ చేయడానికి పెట్టి ఉంటే! ఆమెకు ఆ క్షణాన మొగుణ్ణి లాగి ఒకటి కొట్టాలనిపించింది.

స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో గడ్డ కనబడింది. జూన్‌లో ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు. సర్జన్ బయటికి వచ్చి, గడ్డ కిడ్నీని దాటి పక్కనున్న రక్తనాళంలోకి పాకిందని, ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఒకటుందని, మందు మొదలెట్టాలని చెప్పింది.

"నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే?" అని జ్ఞానవతి సూటిగా అడిగింది.

"ఖచ్చితంగా చెప్పలేను. అప్పటికి కిడ్నీలోనే ఉండి ఉండవచ్చు," అంది సర్జన్.

సాయంత్రం ఆయనకు తెలివొచ్చింది. చెప్పవలసినవన్నీ జ్ఞానవతి నాలుక మీద వరసగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్లవి. టోనీ సంగతి, మాత్రల సంగతి, బీట్‌రూట్ సంగతి. వినక ఎక్కడికి పోతాడు, మంచం దిగలేడు కదా.

ఆయన ఆమె చెయ్యి వెతుక్కున్నారు. మైకు లేని ఆయన గొంతు ఇంత చిన్నదని ఆమెకు తెలియదు.

"జ్ఞానా, నాకు భయమేసిందే. ఆ రోజు చూడగానే చెప్పాలనుకున్నా. భయమేసి చెప్పలేకపోయా." కళ్లమ్మట నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "అప్పుడే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదా?"

జ్ఞానవతి దుప్పటి సర్దింది. మంచం పక్కన వేలాడుతున్న సంచి నిండిందేమో చూసింది. ముప్ఫై ఏళ్లలో ఆయనతో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

"లేదండీ. అప్పుడొచ్చినా ఇంతే," అంది.