గట్టు మీదికి ఇత్తడి దీపం

కొత్త ఇంటి వంటగది మధ్యలో నల్లరాతి గట్టు కట్టించారు. దాని మీద ఏ దీపం వేలాడదీయాలన్న దగ్గరే అత్తాకోడళ్లకు పొత్తు కుదరలేదు.

అత్తగారు నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నారు. గుడ్డ పరుచుకోవడానికి అంత వెడల్పు చోటు ఇంకెక్కడా లేదని, గట్టు లేచిన రోజే దాని మీద కన్నేశారు. ఆవిడకు ట్యూబ్‌లైటు కావాలి. కోడలు పళ్ల డాక్టరు. పొద్దస్తమానం తెల్లటి వెలుగులో జనం నోళ్లలోకి తొంగిచూసి వస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆ వెలుగే అంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది.

"పాతకాలం మోడల్లో ఇత్తడి దీపాలొచ్చాయి అత్తయ్యా. ముచ్చటగా ఉన్నాయి."

"ముచ్చటకేంలేమ్మా. నాకు సూదిలో దారం ఎక్కాలి."

ఆదివారం ఇద్దరూ దీపాల దుకాణానికి వెళ్లారు. అత్తగారు సంచిలోంచి నల్లగుడ్డ ముక్క, నల్లదారం, సూది తీసి బల్ల మీద పెట్టేసరికి దుకాణదారు నోరెళ్లబెట్టాడు.

"ఒక్కొక్కటీ వెలిగించు బాబూ," అన్నారావిడ.

మొదటిది కళ్లలో పొడిచింది. రెండోది కోడలికి తెగ నచ్చింది. ఇత్తడి రేకు నిండా పువ్వుల చిల్లులు. వెలిగించగానే గుడ్డంతా మచ్చలు పడ్డాయి.

"ఏది కుట్టో ఏది నీడో తెలియడం లేదమ్మా."

కోడలు మూతి ముడుచుకుని వంగి చూసింది. కాసేపటికి తనే నవ్వేసింది. "నిజమే. దీని కిందైతే నేను బాగున్న పన్ను పీకేస్తాను."

అక్కణ్ణుంచి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. మూలన వేలాడుతున్న లోతైన గిన్నె లాంటి దీపాన్ని కోడలే చూపించింది. లోపల తెల్లరంగు, బయట మెరుపు తగ్గిన ఇత్తడి. దాని కింద దారం మొదటిసారికే సూదిలోకి దూరింది. కోడలు స్టూలు లాక్కుని కూర్చుని తలెత్తింది. బల్బు కంటికి ఆనలేదు.

"పాత సరుకమ్మా. మెరుగు పెట్టించి ఇస్తాను," అన్నాడు దుకాణదారు.

"వద్దు," అన్నారిద్దరూ ఒకేసారి.

కోడలు అడిగిందని అతను దానికి పసుపు బల్బు బిగించగానే అత్తగారు పెదవి విరిచారు. "ఈ వెలుగులో నీలమూ నలుపూ ఒకటే అయిపోతాయి." కోడలి మొహం వాడిపోవడం చూసి మళ్లీ తనే అన్నారు: "సరేలే, రంగులు పగలే చూసుకుంటాను. సాయంత్రాలు కుట్టేది అంచులేగా."

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి అత్తగారి ఎత్తుకు సరిపడా దీపం బిగించి వెళ్లాడు. ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు మంచినీళ్ల కోసం వంగి లేస్తూ దానికి తల తగిలించుకున్నాడు.

"ఈ ఇంట్లో ఆరడుగుల వాడొకడున్నాడని ఎవరికైనా గుర్తుందా?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

మరో జానెడు పైకి కట్టించారు.

ఇప్పుడు కోడలు తినడం అయ్యాక కూడా అక్కడే కూర్చుంటుంది. ఆ రోజు క్లినిక్‌లో కుర్చీ ఎక్కడానికి ఎవరు ఎంత భయపడ్డారో చెబుతుంది. అత్తగారు అంచు మడుస్తూ ఊ కొడతారు.