కప్లింగు లోపలి పట్టీ

మధ్యాహ్నం ఒంటిగంటకు హనుమేష్ ఫోను మోగేది. అవతల అతని భార్య శిల్ప. "తిన్నావా?" అని ఆమె అడిగేది షెడ్డంతా వినపడేది. నా భార్య కృపమణి పోయాక నన్నెవరూ ఆ మాట అడగలేదు.

డోన్‌లోని మా షెడ్డులో బోరుబండ్ల సామాను బాగుచేస్తాం. డ్రిల్లింగు రాడ్లను కలిపే కప్లింగులు లోపలి మరల గాడిలో పగులుతుంటాయి. పగుళ్లు రాకుండా సన్నటి ఉక్కు గుళ్లను గాలితో బలంగా కొట్టించి లోహం పైపొరను బిగిస్తాం. షాట్ పీనింగ్ అంటారు. దెబ్బ చాలిందో లేదో ఒక పలుచని ఉక్కు పట్టీ చెబుతుంది. దెబ్బ తగిలినకొద్దీ అది వంగుతుంది.

బయటి వైపు పీనింగు ఏళ్లుగా నా పనే. లోపలి మరలకు మాత్రం నా వల్ల కాలేదు. గుళ్లు మరలను రాసుకుంటూ నేరుగా అవతలికి పోయేవి. లోపల బిగించిన పట్టీ చదునుగానే తిరిగొచ్చేది. ఓనరు తిమ్మయ్య హోసూరు నుంచి హనుమేష్‌ను పిలిపించాడు. అతను గుళ్లు చిమ్మే గొట్టం కొసన కోసుగా చెక్కిన ఉక్కు మొన బిగించాడు. గుళ్లు దాన్ని తాకి పక్కలకు చిమ్మాయి. పట్టీ కావలసినంత వంగింది.

"తొలి బ్యాచి బాగా పోనీప్పా, పీనింగు రూము తాళం నీకే ఇస్తా," అన్నాడు తిమ్మయ్య అతనితో, నా ముందే.

ఆ తాళం నా నడుముకుండేది. అప్పటి నుంచి హనుమేష్ ఈల వేసినా నాకు గిట్టలేదు.

బ్యాచి పూర్తయిన సాయంత్రం గొట్టం తుడుస్తుంటే మొన వేలికి తగిలింది. కోసుగా ఉండాల్సింది గుండ్రంగా అరిగిపోయి ఉంది. గుళ్లే దాన్ని తినేశాయి. పట్టీ పెట్టి చూసింది మొదటి కప్లింగుకే. చివరివాటికి దెబ్బ చాలి ఉండదు. ఎక్కడో ఒకటి విరుగుతుంది, తాళం నా దగ్గరే ఉండిపోతుంది. గొట్టాన్ని కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కున్నాను.

బయట బోరుబండి గాబ్రియేలు సామాను ఎక్కించుకుంటున్నాడు.

"ఏం దావీదన్నా, పత్తికొండ కాడ రాయి శానా గట్టిగుండాది. మొన్న విరిగిన రాడ్డు నా మీసం రాసుకుంటా పోయింది. ఈతూరి మూతే అడుగుతాదేమో."

నాకు నవ్వు రాలేదు. లోపలికి వెళ్లాను.

"హనుమేషూ, సామాను దించించప్పా. ఆఖరిదానికీ పట్టీ పెట్టి చూడు."

"చూసినాం కదన్నా?"

"అది మొదటిది. మొన తడిమి చూడు."

తడిమాడు. పాత కప్లింగులో పట్టీ బిగించి అదే మొనతో కొట్టించాడు. పట్టీ సగం కూడా వంగలేదు.

తిమ్మయ్య వచ్చి చూశాడు. "పోయే ముందే పట్టుకున్నావు, గట్టోడివేప్పా," అంటూ హనుమేష్ భుజం తట్టాడు.

"నేను కాదు సార్, దావీదన్న..." అన్నాడు హనుమేష్. కంప్రెసరు మోతలో తిమ్మయ్యకు వినపడలేదు. భుజం తట్టిన శబ్దం మాత్రం నాకు బాగా వినపడింది.

మొన మార్చి, చివరివాటిని మళ్లీ కొట్టించి, ఆఖరున కూడా పట్టీ పెట్టి చూసి, సామాను పంపారు. తాళం హనుమేష్ చేతికి పోయింది.

మర్నాడు ఒంటిగంటకు ఫోను మోగింది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

"అన్నా, నిన్నటి సంగతి శిల్పకు చెప్పినా," అన్నాడు హనుమేష్, ఫోను చెవి నుంచి తీసి. "నువ్వు తిన్నావా అని అడుగుతాండాది."

"తిన్నానని చెప్పు."

తినలేదు. తాళం అతని నడుము దగ్గర మెరుస్తోంది. దాన్నే చూస్తూ క్యారియరు విప్పాను.