బొంగురు గొంతు

ఇరవై ఏళ్లుగా మలయాళ తెర మీద హేమాంబిక నోరు కదిపితే వినిపించే మాట నాది. ముఖం ఆమెది, ఏడుపు నాది, చప్పట్లు మళ్లీ ఆమెవి. తేనెలాంటి గొంతని పత్రికలు రాస్తే మా ఆయన పకపకా నవ్వేవాడు. జనం నిరాశపడతారని సభల్లో కూడా ఆమె నా గొంతే అనుకరించి మాట్లాడేది. బాగానే చేసేది, ఒప్పుకోవాలి. నన్ను చేచీ అని, అంటే అక్కా అని పిలిచేది.

మొన్న చేపలమ్మే కత్రీనా వేషానికి మాత్రం మొదటిసారి తన సొంత గొంతు పెట్టింది. నన్ను పిలవనే లేదు. ఒళ్లు మండింది. సినిమా చూశాక ఆ మంట చల్లారింది. ఆ బొంగురు గొంతు విని నేనే ఏడ్చాను.

ఉత్తమ నటి పురస్కారానికి ఆమె పేరు చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల నటనలో ఇంతవరకూ దక్కనిది అదొక్కటే. తిరువనంతపురంలో కమిటీ కూర్చుంది, సాయంత్రమే ప్రకటన. అరువు గొంతుకు పురస్కారం లేదన్నది వాళ్ల నిబంధన. అందులో ఎవరికో సందేహం వచ్చింది, ఇది మనం ఎరిగిన హేమాంబిక గొంతు కాదే అని. ఆమెను పిలిపించి మాట్లాడమన్నారు. భయానికి అలవాటైన గొంతే బయటికొచ్చింది. అంటే నాది.

సినిమా డైరెక్టర్ కంగారుగా కారు పంపితే వెళ్లాను. కమిటీ పెద్ద కురుప్పుగారి ముందు టీ చల్లారిపోయి మీగడ కట్టి ఉంది. హేమ కొంగు నలుపుకుంటోంది. కత్రీనాకు గొంతు ఇచ్చింది నువ్వేనా అని ఆయన నన్ను అడిగారు.

"కాదు సార్. ఇందాక ఈవిడ మీతో మాట్లాడిన గొంతు నాది. సినిమాలోది ఈవిడది."

ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారా అన్నారాయన. సినిమాలో మాటలు చెప్పమని హేమకు ఇంకో అవకాశం ఇచ్చారు. మళ్లీ అదే తేనె కారింది. కురుప్పుగారు ఆమె పేరు కొట్టేయడానికి కలం తీశారు.

కడుపు మండితే తప్ప హేమ అసలు గొంతు రాదని నాకు తెలుసు.

"ఇన్నాళ్లూ నా గొంతు మీదే కదే బతికావు? నేను లేకపోతే ఉత్త బొమ్మవి. ఆ చేపలదానికీ నేనే చెప్పుంటే ఇంకా బాగుండేది."

హేమ తలెత్తింది.

"నోరు ముయ్యి చేచీ. ఇరవై ఏళ్లు నా మూతి నీ మాటలకి అద్దెకిచ్చా. కత్రీనా ఒక్కతే నాది. దాని జోలికొస్తే ఊరుకోను."

బొంగురుగా చీలిన గొంతు. అచ్చం కత్రీనా. కురుప్పుగారు కలానికి మూత పెట్టేశారు.

సాయంత్రం టీవీలో ఆమె పేరు చదివారు. కాసేపటికి ఫోన్ చేసింది. పొద్దున అన్నవన్నీ నిజంగానే అన్నావా చేచీ అని అడిగింది, ఆ బొంగురు గొంతుతోనే. నీ గొంతు రప్పించడానికే అన్నాను పిచ్చిదానా అన్నాను. సగం అబద్ధం.

ఫోన్ పెట్టేశాను. ఇక ఆమె నోట నా మాట రాదు.