తొక్కని మెట్లు

చౌటుప్పల్ దాటి హైవే వదిలి కొంత దూరం లోపలికి వెళ్తే యోహాను వాళ్ల బత్తాయి తోట. తెల్లారగానే యోహాను మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ పనికి బస్సెక్కుతాడు. అతని భార్య బిక్షమ్మ వాకిలి ఊడ్చి, బావి గట్టు మీద కూర్చుని చాయ్ తాగుతుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు రూప లాప్‌టాప్ తెరిచి, పట్నంలోని ఒక చిన్న కంపెనీ కోసం మొబైల్ యాప్‌లు తయారు చేస్తుంది. ఎండ వాకిట్లోకి రాకముందే దాన్ని తిట్టడం మొదలుపెడుతుంది.

తిట్టదా మరి. యాప్ చేయడానికి ఒక పనిముట్టు కావాలి. దాని భాష, దాని అలవాట్లు, దాని అలకలు తెలిస్తే తప్ప పని సాగదు. రూప మొదట ఆకుపచ్చ బొమ్మ గుర్తుగా ఉన్నదాన్ని నేర్చుకుంది. చెయ్యి తిరిగిందనుకునేలోపు కంపెనీ నడిపే రామచంద్రం సార్, నీలి బొమ్మదైతే ఒక్కసారి రాస్తే అన్ని ఫోన్లలోనూ నడుస్తుందట, దానికి మారిపొమ్మన్నాడు. మారింది. కొన్నాళ్లకు నీలిదానికి కొత్త వెర్షన్ వచ్చి, నిన్నటిదాకా బుద్ధిగా నడిచిన యాప్ తెల్లతెర చూపించి కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. అంతలో లోకమంతా ఊదారంగుదాని వెంట పడింది. రూపకూ పడక తప్పలేదు.

"ఊదాది గూడ ఆగిపాయెనా?" అని అడిగింది బిక్షమ్మ. కూతురి పనిముట్లకు ఆమె దగ్గర రంగులే పేర్లు.

"ఆగలేదమ్మా, మారింది. పాత పాఠాలేవీ ఇప్పుడు పనికొస్తలేవు."

"నా కుట్టు మిషినే నయం. ఇన్నేండ్లయినా సూది జాగలనే సూది ఉన్నది."

ఇప్పుడు కొత్త పని వచ్చింది. సోమవారంలోపు పనిముట్టు ఏదో రూపనే తేల్చమన్నాడు సారు. నీలిదా, ఊదాదా, కొత్తగా దిగిన నారింజదా? ఒకడి వీడియో చూస్తే నీలిది బంగారం, ఊదాది బూడిద. ఇంకొకడి వీడియోలో బంగారం బూడిదైపోయేది. చూసి చూసి రూప కళ్లు మండాయి గాని మనసు ఎటూ మొగ్గలేదు.

ఇక ఆ ఇంటి బావి సంగతి. రూప తాత గుర్వయ్య జీతగాడిగా బతికి, కూలి చేసి ఈ చెలక కొనుక్కుని, తన చేతులతోనే బావి తవ్వాడు. ఆ ఇంట్లో ఎవరైనా ఏదైనా నేర్చుకుంటే బావిలో అడుగున ఒక మెట్టు పుడుతుంది. గుర్వయ్య రాత్రిబడికి పోయి సంతకం నేర్చుకున్నప్పుడు మొదటి మెట్టు వచ్చింది, మొరటు బండది. బిక్షమ్మ కుట్టు నేర్చుకున్నప్పుడు సన్నటిది వచ్చింది. యోహాను బాయిలర్ పరీక్ష పాసైనప్పుడు, ఎండాకాలం కూడా చెయ్యి పెడితే వెచ్చగా తగిలే మెట్టు పుట్టింది. మెట్టు పుట్టాక ఒక పద్ధతి ఉంది. నేర్చుకున్నవాళ్లు వట్టి కాళ్లతో దిగి దాన్ని తొక్కాలి. ఏం నేర్చుకున్నారో పైకి చెప్పాలి. అప్పుడు నీళ్లు ఒక మెట్టు పైకొస్తాయి. ఊళ్లో అందరికీ ఇది తెలిసిందే, పుట్టినరోజుకు పిలిచినట్టు మెట్టు తొక్కడానికీ పిలుచుకునేవారు.

చుట్టూ బోర్లు పడ్డాక బావి ఎండిపోయింది. రూప డిగ్రీ మెట్టు తొక్కితే చెమ్మ మాత్రం వచ్చింది. ఆకుపచ్చదాని మెట్టు తొక్కితే అదీ సరిగ్గా రాలేదు. ఆ తర్వాత ఆకుపచ్చదాన్నే వదిలేయాల్సి వచ్చేసరికి ఆమెకు బావి మీదే కోపం వచ్చింది. విద్య పోయింది, మెట్టేమో వెక్కిరిస్తూ అక్కడే ఉంది. చచ్చిన విద్యకు మెట్టెందుకని మళ్లీ బావిలోకి దిగలేదు. ఇంట్లో ఎవరూ బలవంతం చేయలేదు. తోటలో బత్తాయి ఆకులు దొప్పల్లా ముడుచుకుపోతుంటే బిక్షమ్మ బోరు పోసే కాసిన్ని నీళ్లు పాదు పాదుకూ బిందెతో మోసి పోసేది.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి అన్నం తింటుండగా రూప అంది, "నాయినా, నేను ఈ పని ఇడిశిపెడ్త. మీ ఫ్యాక్టరీల పాకింగ్ కాడ జాగ ఉన్నదన్నవు గద."

యోహాను ముద్ద ఆపాడు. "గంత యాష్టకొచ్చిందా బిడ్డా?"

"నేర్సుకున్నదే మళ్ల మళ్ల నేర్సుకుంట కూసుంటే, నేను ఏం నేర్వనట్టే అనిపిస్తాంది."

అతను కంచం పక్కకు జరిపాడు. "సరే. నువ్వు నేర్సుడు బందు వెడితే బాయికి మెట్లు రావు. మెట్లు రాని బాయి ఉత్త గుంత. చెట్లు ఎట్లాగు ఆగవు. ప్లాట్లు జేసి అమ్మెటోల్లు ఈ జాగ ఎప్పటి సంది అడుగుతున్నరు, బాయి పూడిపిద్దాం. నీ నెత్తి మీద బాయి బరువు ఎందుకు?"

కోప్పడి ఉంటే రూప ఎదురు చెప్పేదే. అతను అంత మెత్తగా అనేసరికి తలొంచుకుని అన్నం కెలికింది. తాత చేతులతో తవ్విన బావి, తల్లి బిందెలతో బతికించిన తోట, తన చేతకానితనం వల్ల మట్టి కింద పడబోతున్నాయి. అయినా ఆమె కాదనలేకపోయింది.

సోమవారం పొద్దున యోహాను పనికి పోలేదు. ఊళ్లో టిప్పర్ నడిపే ఎల్లయ్య బండి నిండా మొరం తెచ్చి బావి గట్టుకు వెనక్కి ఆనించాడు. బిక్షమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

"తొక్కని మెట్ల మీద మన్ను పొయ్యనియ్య. పోరి దిగి తొక్కొచ్చినంక మీ ఇష్టం."

"నిజమే అత్తా, పొయ్యొద్దు," అన్నాడు ఎల్లయ్య ఇంజిన్ బందు పెట్టి. "మా అత్తగారింట్ల గోడకు కిటికీలు పుడ్తయ్. తెరవని కిటికీకి సున్నం ఎయ్యనియ్యరు. కానియ్యండ్రి, నాకు తొందరేం లేదు."

రూప చెప్పులు విడిచి దిగింది. తాత బండ, తల్లి సన్నమెట్టు, తండ్రి వెచ్చనిది దాటింది. తను ఒకప్పుడు తొక్కిన రెండూ దాటాక నీలిదాని మెట్టు వచ్చింది. దాని మీద నిలబడి ఏం చెప్పాలో తోచలేదు. ఆ పాత వెర్షన్ ఆజ్ఞలన్నీ ఎప్పుడో మరిచిపోయింది. మనసులో మిగిలినదే చెప్పింది.

"తెల్లతెర వస్తే భయపడొద్దు. తప్పు ఏడ ఉన్నదో, ఒక్కొక్కటి తీసుకుంట చూస్తే దొరుకుతది."

కాలి కింద రాయి చల్లబడింది. నీలిదాన్ని రెండోసారి నేర్చుకున్న మెట్టు, ఆ వెనక ఊదాది. ఇక బావి అడుగు వచ్చేయాలి. రూప వంగి చూసింది.

అడుగు లేదు. మెట్లు ఇంకా ఉన్నాయి. గట్టు మీది నుంచి కనపడని చీకట్లోకి, ఒకదాని కింద ఒకటి, అరచేయంత వెడల్పువీ, కాలు సరిగ్గా ఆననివీ దిగుతూనే ఉన్నాయి. ఇన్ని తను ఎప్పుడు నేర్చుకుంది? ఒక మెట్టు మీద కాలు పెడితే, పాత ఫోన్ వాడే ముసలాయన కోసం అక్షరాలు పెద్దవి చేసిన రోజు గుర్తొచ్చింది. ఇంకొకదాని మీద, ఎవరో రాసి వదిలేసిన చిక్కుముడి ప్రోగ్రామును తిట్టుకుంటూ చివరిదాకా చదివిన వారం. వెర్షన్ మారిన ప్రతిసారీ ఒకటి పుట్టింది. ఓడిపోయాననుకుని లాప్‌టాప్ మూసిన రోజులకు కూడా మెట్లున్నాయి. ఆమె దిగుతూ పోయింది, గుర్తొచ్చినంత వరకు చెప్పుకుంటూ పోయింది, గుర్తురాని చోట ఊరికే నిలబడి ఏడ్చింది. తలెత్తి చూస్తే ఆకాశం కంచమంతైంది. దాని అంచున నాయిన తల.

"ఇంకెంత ఉన్నది బిడ్డా?" అన్న మాట చాలా పైనుంచి వచ్చింది.

"ఎరుక లేదు నాయినా. శానా ఉన్నది."

చివరి మెట్టు మీద ఆమెకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నారింజదాన్ని ఇంకా ముట్టుకోనైనా లేదు. "ఇది నాకు రాదు," అంది మెల్లగా. "నేర్సుకుంట."

వేళ్ల సందుల్లో చల్లగా తగిలింది. ముందు చెమ్మ, తర్వాత మడమ మునిగింది. రూప భయపడి ఒక మెట్టు ఎక్కింది. నీళ్లూ ఎక్కాయి. ఇంకొకటి ఎక్కింది. చప్పుడు లేకుండా, తోసుకోకుండా, పెంపుడు దూడలా ఆమె కాళ్లను ఆనుకుని పైపైకి వచ్చాయి. ఆమె ఆగితే ఆగాయి. ఆమె ఎక్కితే ఎక్కాయి. ఊదాదాన్ని, నీలిదాన్ని, ఆకుపచ్చదాన్ని ముంచుకుంటూ వచ్చి, తండ్రి వెచ్చని మెట్టును తాకి అక్కడ నిలిచాయి.

యోహాను చెప్పులు విడిచి దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. బావి ఎండినప్పటి నుంచి ఉప్పటి బోరు నీళ్లే తాగిన మనిషి, మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే బిక్షమ్మ ముఖం అటు తిప్పుకుంది.

ఎల్లయ్య టిప్పర్ స్టార్ట్ చేశాడు. "మొరం ఏడ పొయ్యాలె మామా?"

"దారి మీద పొయ్యి," అన్నాడు యోహాను. "కాయ వస్తే బండి రావాలె గద."

అప్పుడే రామచంద్రం సార్ ఫోన్ చేశాడు. రూప తడికాళ్లతో గట్టు మీద కూర్చుని ఎత్తింది.

"ఏమమ్మా, ఏది తేల్చినవ్?"

"నీలిది సార్. రెండుమాట్ల నేర్సిన, సేతిల ఉన్నది గద."

"అదీ మారితే?"

రూప బావిలోకి చూసింది. నీళ్ల కింద మెట్లన్నీ కనిపిస్తున్నాయి, అన్నిటికంటే కింద, ఇందాక ఏమీ లేని చోట, నారింజరంగులో సన్నని మెట్టంచొకటి పుడుతోంది.

"మారుతది సార్," అంది. "మారనియ్యండ్రి."